గెలిచిన ఏడాది తప్పు, ఓడిన ఏడాది శిక్ష: మిల్వాకీ బేస్‌బాల్ అభిమానుల కోపం వెనక లెక్క

క్లుప్తంగా: 2013లో అమెరికా బేస్‌బాల్ జట్టు మిల్వాకీ బ్రూవర్స్ 162 ఆటల్లో 88 ఓడింది. అదే సీజన్ మధ్యలో ఆ జట్టు స్టార్ రయన్ బ్రాన్ డోపింగ్ వ్యవహారంలో 65 ఆటల నిషేధానికి ఒప్పుకున్నాడు. చూడ్డానికి ఒకదానివల్ల ఒకటి జరిగినట్టు ఉంటుంది గానీ, నిషేధం పడేసరికి జట్టు ఎప్పుడో కుప్పకూలింది. అభిమానుల కోపానికి అసలు మూలం శిక్షను కొలిచిన పద్ధతిలో ఉంది. ఆ పద్ధతిలో కొంత 2014లో మారింది, కొంత ఇప్పటికీ మారలేదు.

2013 జులై 22, సోమవారం. విస్కాన్సిన్ రాష్ట్రంలో బేస్‌బాల్ చూసేవాళ్లకు అప్పటికే ఆ సీజన్ మీద ఆశ పోయింది. తమ జట్టు ప్లేఆఫ్స్‌కు వెళ్లదని మే నెలాఖరుకే దాదాపు అర్థమైపోయింది. ఆ సాయంత్రం మేజర్ లీగ్ బేస్‌బాల్ నుంచి ఒక ప్రకటన వచ్చింది. 2011లో నేషనల్ లీగ్ (మేజర్ లీగ్‌లోని రెండు భాగాల్లో ఒకటి) ఉత్తమ ఆటగాడిగా ఎంపికైన బ్రాన్ మిగతా సీజన్ అంతా జీతం లేకుండా బయట కూర్చుంటాడని దాని సారాంశం. ఏడాదిన్నరగా ‘నేను ఏ తప్పూ చేయలేదు’ అంటూ వచ్చిన మనిషి, పోరాటం లేకుండానే శిక్ష ఒప్పుకున్నాడు.

ఓడిపోయే జట్లు ప్రతి ఏడాదీ ఉంటాయి. డోపింగ్ చేసినట్టు తేలే ఆటగాళ్లూ ఉంటారు. మిల్వాకీలో ఆ వేసవి వెల్లువెత్తిన కోపం మాత్రం ఈ రెండింటినీ కలిపినా రావాల్సిన దానికంటే పెద్దది. కారణం తెలియాలంటే ముందు ఆ ఊరి గురించీ ఆ లీగ్ గురించీ కొంత తెలియాలి.

చిన్న ఊరు, పెద్ద లీగ్

మేజర్ లీగ్‌లో 30 జట్లు. ఒక్కో జట్టు ఏప్రిల్ నుంచి సెప్టెంబర్ దాకా 162 ఆటలు ఆడుతుంది, అంటే దాదాపు రోజూ ఒక ఆట. ఐపీఎల్‌లో ఒక జట్టు లీగ్ దశలో ఆడేది 14. కాబట్టి ‘50 ఆటల నిషేధం’ అన్న మాట క్రికెట్ చెవికి జీవితకాలంలా వినిపిస్తుంది గానీ, బేస్‌బాల్‌లో అది రెండు నెలల లోపే అయిపోతుంది. ఈ వ్యాసంలో వచ్చే అంకెలన్నిటికీ ఈ లెక్క గుర్తుండాలి.

మిల్వాకీ జనాభా అప్పట్లో 6 లక్షల లోపు. లీగ్‌లో అతి చిన్న టీవీ మార్కెట్ ఆ ఊరిదే. న్యూయార్క్, లాస్ ఏంజెలెస్ జట్లకు టీవీ హక్కుల మీద వచ్చే డబ్బుతో పోలిస్తే ఇక్కడ వచ్చేది చాలా తక్కువ. బేస్‌బాల్‌లో జట్టు జీతాల మీద గట్టి పరిమితి లేదు కాబట్టి, స్టార్లు ఎదిగాక పెద్ద ఊళ్లకు వెళ్లిపోవడం ఇక్కడివాళ్లకు అలవాటైన బాధ. 1970లో సియాటిల్ నుంచి వచ్చిన ఈ జట్టు వరల్డ్ సిరీస్ ఫైనల్ ఆడింది ఒక్కసారే. 1982లో సెయింట్ లూయిస్ చేతిలో ఏడో ఆటలో ఓడింది.

అలాంటి ఊళ్లో 2011 ఒక పండుగ. 96 గెలుపులతో బ్రూవర్స్ తమ డివిజన్‌లో (నేషనల్ లీగ్‌లోని ప్రాంతీయ గుంపులో) మొదటి స్థానంలో నిలిచింది. ఆ ఏడాది మిల్లర్ పార్క్ స్టేడియానికి 30 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి. ఊరి జనాభాకు ఇది ఐదు రెట్లు. బ్రాన్ .332 సగటుతో (మూడు ప్రయత్నాల్లో దాదాపు ఒక హిట్), 33 హోమ్‌రన్లతో (క్రికెట్ సిక్సర్ లాంటి షాట్లు) ఆడాడు. అన్నిటికంటే ముఖ్యంగా, 2020 దాకా ఉండేలా జట్టుతో ఒప్పందం పొడిగించుకున్నాడు. పెద్ద ఊరి డబ్బు కోసం ఎదురుచూడకుండా ఇక్కడే ఉంటానన్న స్టార్ అన్నమాట. అతని మీద అభిమానం ఆటతో పాటు ఈ నిర్ణయం వల్ల కూడా పెరిగింది.

సీజన్ ఎక్కడ తెగింది

జరిగిన క్రమం చూస్తే నిషేధానికీ ఓటములకూ ఉన్న సంబంధం ఎంత పలచనిదో తెలుస్తుంది.

2011 తర్వాత జట్టులో మరో ప్రధాన బ్యాటర్ ప్రిన్స్ ఫీల్డర్ 9 ఏళ్లకు 21 కోట్ల 40 లక్షల డాలర్ల ఒప్పందంతో డెట్రాయిట్‌కు వెళ్లిపోయాడు. 2012 జులైలో ప్రధాన పిచర్ (బంతి విసిరేవాడు) జాక్ గ్రింకీని ఏంజెల్స్ జట్టుకు ఇచ్చేశారు. 2013లో ఇంకో బ్యాటర్ కోరీ హార్ట్ మోకాళ్ల శస్త్రచికిత్సలతో ఒక్క ఆటా ఆడలేదు. ఏప్రిల్‌లో వరసగా 9 గెలిచి కాసేపు ఊరించిన జట్టు, మే నెలలో 28 ఆటలు ఆడి 6 మాత్రమే గెలిచింది. ఆ నెల తర్వాత మిగిలిందంతా లాంఛనమే.

మే నెలలో బ్రాన్ జట్టులోనే ఉన్నాడు. జూన్‌లో బొటనవేలి గాయంతో నెలకు పైగా పక్కన కూర్చున్నాడు. తిరిగొచ్చి కొద్ది ఆటలు ఆడాడో లేదో నిషేధం వచ్చింది. అప్పటికి 97 ఆటలు అయిపోయాయి, మిగిలినవి 65.

ఆ 65లోనూ అతను ఉంటే ఏం మారేది? బేస్‌బాల్ గణాంకాల్లో ఒక గొప్ప ఆటగాడు పూర్తి సీజన్‌లో, అతని బదులు దిగే మామూలు ఆటగాడితో పోలిస్తే, జట్టుకు అదనంగా ఆరేడు గెలుపులు తెస్తాడని లెక్క. 65 ఆటలకు అది మూడుకు మించదు. ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో చివరి ప్లేఆఫ్ బెర్తు దక్కించుకున్న సిన్సినాటి 90 గెలిచింది. బ్రూవర్స్ గెలిచింది 74. మధ్యలో 16 గెలుపుల తేడా ఉంది. పైగా అతని స్థానంలో వచ్చిన కుర్రాడు క్రిస్ డేవిస్ 56 ఆటల్లో 11 హోమ్‌రన్లు కొట్టాడు. నిషేధం జట్టును ముంచిందని అనడానికి ఆధారం లేదు. మునిగిన జట్టు మీద నిషేధం పడింది, అంతే.

మరి కోపం దేనికి? అది 2013 ఓటముల గురించి కాదు. 2011 గెలుపుల గురించి.

మూత్రం నమూనా, శనివారం సాయంత్రం

2011 అక్టోబర్ 1న ప్లేఆఫ్స్ మొదటి ఆట ముగిశాక బ్రాన్ మూత్రం నమూనా తీసుకున్నారు. మగవాళ్ల శరీరంలో టెస్టోస్టిరాన్, ఎపిటెస్టోస్టిరాన్ అనే రెండు హార్మోన్లు మామూలుగా కాస్త అటూఇటూగా సమానంగా ఉంటాయి. బయటి నుంచి టెస్టోస్టిరాన్ తీసుకుంటే మొదటిది పెరుగుతుంది, రెండోది పెరగదు. కాబట్టి ఈ రెండింటి నిష్పత్తి 4కు 1 దాటితే అనుమానించాలని నియమం. బ్రాన్ నమూనాలో అది 20కి 1 దాటిందని అప్పట్లో కథనాలు వచ్చాయి.

నమూనా తీసుకున్నది శనివారం సాయంత్రం. ఆ వేళకు కొరియర్ కదలదని అనుకున్న, నమూనా సేకరించిన వ్యక్తి దాన్ని ఇంటికి తీసుకెళ్లి భద్రపరిచి, సోమవారం పంపించాడు. మధ్యలో సుమారు 44 గంటలు గడిచాయి. సీళ్లు చెక్కుచెదరలేదు. కానీ నిబంధనల్లో ‘అదే రోజు పంపాలి’ అని ఉంది. బ్రాన్ లాయర్లు పట్టుకున్నది ఈ ఒక్క మాటనే. 2012 ఫిబ్రవరి 23న ముగ్గురు సభ్యుల ప్యానెల్ 2-1 తేడాతో అతనికి అనుకూలంగా తీర్పు ఇచ్చింది. లీగ్ ప్రతినిధి ఒకరు, ఆటగాళ్ల సంఘం ప్రతినిధి ఒకరు అందులో ఉంటారు కాబట్టి, అసలు ఓటు తటస్థ మధ్యవర్తి శ్యామ్ దాస్‌ది. మేజర్ లీగ్ ఆటగాడు డోపింగ్ అప్పీలులో గెలిచినట్టు బయటికి తెలిసిన మొదటి సందర్భం అది. మే నెలలో లీగ్ ఆ మధ్యవర్తిని తొలగించింది.

ఇంతవరకే అయితే అది విధానపరమైన లోపం మీద గెలిచిన కేసు. మరునాడు బ్రాన్ విలేకరుల ముందుకొచ్చి దాన్ని నిర్దోషిత్వంగా మార్చుకున్నాడు. నిజం తన వైపు ఉందన్నాడు. నమూనా సేకరించిన వ్యక్తి మీద, అతని పేరు చెప్పకుండానే, అనుమానం కలిగేలా మాట్లాడాడు. అమెరికన్ ఫుట్‌బాల్‌లో విస్కాన్సిన్‌కు ఆరాధ్యుడైన ఆరన్ రాడ్జర్స్, బ్రాన్ నిర్దోషి అన్నదానిమీద తన ఏడాది జీతం పందెం కాస్తానని ట్విటర్‌లో రాశాడు. 2012 సీజన్ అంతా మిగతా ఊళ్లలో బ్రాన్‌ను ఈలలు వేసి గేలి చేశారు. మిల్వాకీలో మాత్రం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. అతను 41 హోమ్‌రన్లు కొట్టి ఆ చప్పట్లకు బదులిచ్చాడు.

ఫ్లోరిడా క్లినిక్

2013 జనవరి చివర్లో మయామీలోని ఒక వారపత్రిక, కోరల్ గేబుల్స్‌లోని బయోజెనిసిస్ అనే క్లినిక్ చిట్టాలను బయటపెట్టింది. నడిపే ఆంథనీ బాష్ డాక్టర్ కాదు. వృద్ధాప్యాన్ని వాయిదా వేసే వైద్యం పేరుతో బేస్‌బాల్ ఆటగాళ్లకు టెస్టోస్టిరాన్, గ్రోత్ హార్మోన్ వగైరా సమకూర్చేవాడు. కొద్ది రోజులకే బ్రాన్ పేరూ ఆ కాగితాల్లో కనిపించింది.

వాళ్లలో చాలామంది పరీక్షల్లో దొరకలేదు. బాష్ ఇచ్చిన వాటిలో నోట్లో చప్పరించే బిళ్లలు, చర్మానికి రాసే క్రీములు ఉండేవి. వీటిలో టెస్టోస్టిరాన్ కొద్ది మోతాదులో ఉండి, త్వరగా పనిచేసి, కొన్ని గంటల్లోనే నిష్పత్తి మళ్లీ గీత కిందికి వస్తుంది. ఆటకు ముందు తీసుకుంటే ఆట అయ్యాక తీసే నమూనాలో దొరక్కుండా పోయే అవకాశం ఎక్కువ. పరీక్ష అనేది ఒక క్షణాన్ని ఫొటో తీయడం లాంటిది. ఫొటో ఎప్పుడు తీస్తారో అంచనా తెలిసినవాడికి ఆ క్షణంలో సర్దుకుని కూర్చోవడం పెద్ద కష్టం కాదు.

అందుకే లీగ్ ల్యాబ్ మీద కాకుండా కాగితాల మీద పడింది. బాష్ మీద ఫ్లోరిడా కోర్టులో దావా వేసింది. క్లినిక్ రికార్డులను డబ్బిచ్చి కొన్నది. జూన్‌లో బాష్ సహకరిస్తానని లీగ్ వైపు వచ్చేశాడు. పాజిటివ్ పరీక్ష లేకపోయినా పత్రాలు, సాక్ష్యాల ఆధారంగా శిక్షించవచ్చని లీగ్‌కూ ఆటగాళ్ల సంఘానికీ మధ్య ఉన్న ఒప్పందంలోనే ఉంది. బయోజెనిసిస్‌లో చాలామటుకు శిక్షలు ఆ దారిలో వచ్చినవే. బ్రాన్ తర్వాత రెండు వారాలకు, ఆగస్టు 5న, మరో 13 మంది మీద వేటు పడింది. 12 మంది 50 ఆటలకు ఒప్పుకున్నారు. న్యూయార్క్ యాంకీస్ ఆటగాడు అలెక్స్ రోడ్రిగెజ్‌కు 211 వేశారు. అతను ఒక్కడే అప్పీలు చేశాడు, 2014 జనవరిలో అది 162కు తగ్గింది.

ఇక్కడొక విచిత్రం. ఈ వేట నడిపించిన కమిషనర్ బడ్ సీలిగ్ మిల్వాకీ మనిషి. 1970లో జట్టును ఆ ఊరికి తెచ్చింది ఆయనే, చాలా ఏళ్లు యజమాని ఆయనే. మిల్లర్ పార్క్ (ఇప్పుడు అమెరికన్ ఫ్యామిలీ ఫీల్డ్) బయట ఆయన విగ్రహం ఉంది. 1990ల చివర్లో స్టెరాయిడ్ల జోరు సాగుతుంటే చూసీచూడనట్టు ఊరుకున్నాడన్న విమర్శ ఆయన్ను వదల్లేదు. పదవి చివరి రోజుల్లో ఆయన కఠినత్వానికి బలైనవాళ్లలో సొంత ఊరి స్టార్ ఉన్నాడు.

65 అనే అంకె

అప్పటి నియమాల ప్రకారం మొదటి తప్పుకు 50 ఆటలు. బ్రాన్‌కు 65. ఆ అదనపు 15 ఏ పట్టికలోనూ లేదు. అది బేరంలో తేలిన అంకె. దానికి మొదటి కేసులో అతను నడుచుకున్న తీరూ ఒక కారణమని అందరూ అర్థం చేసుకున్నారు. ఇంకో సంగతి, జట్టుకు మిగిలిన ఆటలూ సరిగ్గా 65 కావడం. శిక్ష సీజన్‌తో పాటే ముగుస్తుంది. 2014 మొదటి రోజున అతను స్వేచ్ఛగా మైదానంలోకి దిగుతాడు.

అభిమానులకు మండింది ఇక్కడే. వాళ్ల ఆవేశాన్ని పక్కనపెట్టి చూసినా అంకెలు వాళ్ల వైపే మాట్లాడతాయి.

2013లో బ్రాన్ జీతం సుమారు 85 లక్షల డాలర్లు. 65 ఆటలకు పోయింది సుమారు 32 లక్షలు. అతని పొడిగింపు ఒప్పందం 2016లో మొదలై ఐదేళ్లకు 10 కోట్ల 50 లక్షలు, అంటే సగటున ఏడాదికి 2 కోట్ల 10 లక్షలు. అదే 65 ఆటల నిషేధం ఆ ఏళ్లలో పడి ఉంటే పోయేది 84 లక్షల దాకా ఉండేది. జీతం తక్కువున్న ఏడాది, గెలిచే ఆశ లేని ఏడాది, గాయంతో ఎలాగూ కొంత పోయిన ఏడాది. శిక్ష అనుభవించడానికి అతని కెరీర్‌లో ఇంతకంటే చవకైన కాలం దొరికేది కాదు.

జట్టు పరిస్థితి ఇంకా విచిత్రం. నిషేధంలో ఉన్న ఆటగాడికి జీతం ఇవ్వక్కర్లేదు, అతని స్థానంలో ఇంకొకరిని తీసుకోవచ్చు. కోల్పోయిన గెలుపులు ఏవీ లేవు, ఎందుకంటే కోల్పోవడానికి ఏమీ మిగల్లేదు. ఖజానాలో మాత్రం 32 లక్షలు మిగిలాయి. ఒప్పందం అలాగే ఉంది. డోపింగ్ సాకుతో రద్దు చేసుకునే హక్కు జట్టుకు లేదు. 2011లో గెలిచిన 96 ఆటలూ గెలుపులుగానే ఉన్నాయి. ఉత్తమ ఆటగాడి అవార్డు కూడా అతని దగ్గరే ఉంది. ఆ ఏడాది ఓట్లలో రెండో స్థానంలో నిలిచిన డాడ్జర్స్ ఆటగాడు మాట్ కెంప్, అవార్డు వెనక్కి తీసుకోవాలని బహిరంగంగా అన్నాడు. ఓటు వేసే బేస్‌బాల్ రచయితల సంఘం తీసుకోలేదు.

తప్పు వల్ల లాభం వచ్చింది 2011లో. అది గెలుపులుగా, అవార్డుగా, టికెట్ల అమ్మకంగా వచ్చింది. బిల్లు వచ్చింది 2013లో. చెల్లించినవాళ్లలో ఆటగాడి వాటా చిన్నది, జట్టు వాటా సున్నా. మిగిలింది సీజన్ టికెట్లు ముందే కొనుక్కుని, ఓడే జట్టును స్టార్ లేకుండా చూడ్డానికి వచ్చినవాళ్లది.

హామీ సంతకం పెట్టినవాళ్లు

డబ్బు సంగతి ఒక ఎత్తు, మాట సంగతి ఒక ఎత్తు. ఏడాదిన్నర పాటు విస్కాన్సిన్ అభిమానులు ఆఫీసుల్లో, బార్లలో, పొరుగు రాష్ట్రాల బంధువులతో బ్రాన్ తరఫున వాదించారు. నమూనా సేకరించినవాడు దాన్ని ఇంటికెందుకు తీసుకెళ్లాడు, నిబంధన నిబంధనే కదా, అన్నారు. స్నేహితుడి అప్పుకు హామీ సంతకం పెట్టి, బ్యాంకు నోటీసు తమ ఇంటికొచ్చినప్పుడు ఆ మనిషి ఎలా ఉంటాడో వాళ్లు జులై 22న అలా ఉన్నారు. పక్క ఊళ్లలో బ్రాన్‌ను మొదటి నుంచీ నమ్మనివాళ్లకు ఈ బాధ లేదు. అందుకే అదే వార్తకు సెయింట్ లూయిస్‌లో వెటకారం వచ్చింది, మిల్వాకీలో కోపం వచ్చింది.

ఆగస్టు 22న బ్రాన్ లిఖిత ప్రకటనలో నేరం ఒప్పుకున్నాడు. 2011 సీజన్ చివర్లో గాయం నుంచి కోలుకోవడానికి ఒక క్రీము, ఒక చప్పరింపు బిళ్ల వాడానన్నాడు. నమూనా సేకరించిన వ్యక్తికి క్షమాపణ చెప్పాడు. తర్వాతి నెల కొందరు సీజన్ టికెట్‌దారులకు ఫోన్ చేసి మాట్లాడాడు కూడా. ఓడే సీజన్‌లో పోయిన శనివారాల గురించి ఫోన్‌లో ఏం చెప్పగలడు గనక.

జట్టు యాజమాన్యం తన వంతుగా ఆగస్టులో సొంత మైదానంలో ఆటకొచ్చిన ప్రతి ఒక్కరికీ 10 డాలర్ల కూపన్ ఇచ్చింది. దానితో టికెట్ కొనుక్కోవచ్చు, తినొచ్చు, టోపీ కొనుక్కోవచ్చు. మొత్తం ఖర్చు దాదాపు బ్రాన్ జీతంలో మిగిలినంతే. కృతజ్ఞతగా ఇస్తున్నామన్నారు గానీ, ఎవరి జేబులోంచి వచ్చిందో అందరికీ తెలుసు. నిబంధనల పుస్తకంలో అభిమానికి నష్టపరిహారం అనే మాట లేదు. ఒక యజమాని తనంతట తాను చేసిన ఈ పని బహుశా దానికి అతి దగ్గరగా వచ్చింది. అయినా సీజన్ ముగిసేసరికి టికెట్ల అమ్మకం 25 లక్షల చిల్లర దగ్గర ఆగింది. 2011తో పోలిస్తే 5 లక్షల పైచిలుకు తక్కువ. ఇందులో ఓటముల వాటా ఎంత, బ్రాన్ వాటా ఎంత అని విడదీయడం సాధ్యం కాదు. అయితే టికెట్ల అమ్మకం జట్టు గెలుపును అనుసరిస్తుందన్నది పాత అనుభవం కాబట్టి, ఎక్కువ భాగం మే నెలకే రాయాలి.

ఇతర జట్ల అనుభవం, 2014 మార్పు

సీజన్ మధ్యలో పడే 50 ఆటల శిక్షలోని లొసుగు అదే ఏడాది ఇంకో రెండు చోట్ల బయటపడింది. టెక్సస్ ఆటగాడు నెల్సన్ క్రూజ్, డెట్రాయిట్ ఆటగాడు జానీ పెరాల్టా ఆగస్టు 5నే శిక్ష మొదలుపెట్టారు. సెప్టెంబర్ చివరికి శిక్ష అయిపోయింది. టాంపా బేతో టెక్సస్ ఆడిన టై-బ్రేకర్‌కు క్రూజ్ దిగాడు, జట్టు ఓడింది. పెరాల్టా ఏకంగా ప్లేఆఫ్స్ ఆడి, ఓక్లండ్ మీద కీలకమైన హోమ్‌రన్ కొట్టాడు. నవంబర్‌లో సెయింట్ లూయిస్ అతనికి నాలుగేళ్లకు 5 కోట్ల 30 లక్షల డాలర్లు ఇచ్చింది. డోపింగ్ చేయని ఆటగాళ్లే దీనిమీద బాహాటంగా మండిపడ్డారు.

ఆ ఒత్తిడితోనే 2014 మార్చిలో నియమాలు మారాయి. మొదటి తప్పుకు 80 ఆటలు, రెండోదానికి 162, మూడోసారి శాశ్వత నిషేధం. అంతకంటే ముఖ్యం, శిక్ష పడిన ఏడాది ప్లేఆఫ్స్ ఆడే అర్హత పోతుంది. ఇంకో పెరాల్టా పుట్టకుండా ఇది అడ్డుకుంది. ఇంకో బ్రాన్ సంగతి చెప్పలేం.

2022 ఆగస్టు 12న శాన్ డియాగో స్టార్ ఫెర్నాండో టాటిస్ జూనియర్‌కు క్లోస్టెబోల్ అనే స్టెరాయిడ్ కారణంగా 80 ఆటలు పడ్డాయి. తామరకు వాడిన మందులోంచి వచ్చిందని అతను చెప్పుకున్నాడు. మణికట్టు విరిగి ఆ ఏడాది అప్పటిదాకా ఒక్క ఆటా ఆడలేదు. జట్టు అతను లేకుండానే నేషనల్ లీగ్ ఫైనల్ దాకా వెళ్లింది. అంచేత అక్కడ కోపం త్వరగా చల్లబడింది. 2025లో అట్లాంటాది దీనికి అచ్చంగా తలకిందులు. కొత్తగా మూడేళ్లకు 4 కోట్ల 20 లక్షలిచ్చి తెచ్చుకున్న జూరిక్సన్ ప్రొఫార్‌కు సీజన్ మొదటి వారంలోనే 80 ఆటల వేటు పడింది. జట్టు మొదటి 7 ఆటలూ ఓడింది. చివరికి 76 గెలిచి, 86 ఓడి, 2017 తర్వాత మొదటిసారి ప్లేఆఫ్స్‌కు దూరమైంది. అక్కడ కూడా ఓటములకు పిచర్ల గాయాలు పెద్ద కారణం. కానీ మొదటి వారంలో జరిగింది కాబట్టి ఏడాది పొడవునా ప్రతి ఓటమికీ ఆ పేరు అంటుకుంది. అభిమానుల లెక్కలో శిక్ష ఎంత పెద్దదన్నది కాదు, ఎప్పుడు పడిందన్నదే ఎక్కువ పనిచేస్తుంది.

ఆటల్లో కొలవాలా, నెలల్లో కొలవాలా

క్రికెట్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో వచ్చింది. 2019 ఫిబ్రవరిలో ఇండోర్‌లో తీసిన నమూనాలో పృథ్వీ షాకు టెర్బుటలిన్ పాజిటివ్ వచ్చింది. దగ్గు మందులో ఉండే పదార్థం అది. బీసీసీఐ జులై 30న 8 నెలల నిషేధం ప్రకటించింది గానీ, దాన్ని వెనక్కి జరిపి మార్చి 16 నుంచి లెక్కకట్టింది. ఆ మధ్యలో అతను ఐపీఎల్ ఆడేశాడు. అంటే నిషేధ కాలంలో కొంత, అతను మైదానంలో పరుగులు తీస్తుండగానే గడిచిపోయింది. బీసీసీఐ జాతీయ డోపింగ్ నిరోధక సంస్థ కిందికి వచ్చింది ఆ తర్వాతే, ఆగస్టులో.

నెలల్లో కొలిస్తే ఇలా క్యాలెండర్‌తో ఆడుకోవచ్చు. బేస్‌బాల్‌లా ఆటల్లో కొలిస్తే ఆ వీలుండదు. ప్రతి శిక్షా నిజంగా తప్పిన ఆటే, నిజంగా తెగిన జీతమే. ఒలింపిక్ క్రీడల్లో ఉద్దేశపూర్వక డోపింగ్‌కు నాలుగేళ్ల శిక్ష ఉంటుంది. దానితో పోలిస్తే 80 ఆటలు తేలిక అనిపిస్తుంది. కానీ ఒలింపిక్ అథ్లెట్‌కు శిక్ష ఎంతన్నది ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ నియమావళి చెబుతుంది. బేస్‌బాల్‌లో యజమానులూ ఆటగాళ్ల సంఘమూ బల్లకు చెరోవైపు కూర్చుని తేల్చుకుంటారు. ఆ బల్ల దగ్గర టికెట్ కొనేవాడికి కుర్చీ లేదు. జట్టుకు పాయింట్లు తెగ్గోయడం, పాత గెలుపులు రద్దు చేయడం, మిగిలిన జీతాన్ని అభిమానులకు మళ్లించడం లాంటివి ఏ ఒప్పందంలోనూ కనిపించకపోవడానికి ఇది చాలామటుకు కారణం. డ్రగ్ వాడిన ఆటగాడి వల్ల గెలిచిన జట్టుకు శిక్ష ఉంటే, జట్లు తమ డ్రెస్సింగ్ రూమ్ మీద ఇంకాస్త కన్నేసేవి. ఇప్పుడున్న పద్ధతిలో వాళ్లకు ఆ అవసరం తక్కువ.

తర్వాత

2014 మార్చి 31న మిల్లర్ పార్క్‌లో సీజన్ మొదటి ఆట. బ్రాన్ బ్యాట్ పట్టుకుని వస్తుంటే స్టేడియం లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. వారం తర్వాత ఫిలడెల్ఫియాలో ప్రేక్షకులు గేలి చేస్తుండగా అతను ఒకే ఆటలో మూడు హోమ్‌రన్లు కొట్టాడు. మిల్వాకీ క్షమించిందా, మర్చిపోయిందా, లేక 2020 దాకా ఎలాగూ కలిసి బతకాలని సర్దుకుందా అన్నది చప్పట్లను బట్టి చెప్పడం కష్టం. ఆ సీజన్‌లో జట్టు మొదట్లో గెలుస్తూ పోయిందన్న సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాలి.

బ్రాన్ ఒక్క జట్టుకే ఆడి 352 హోమ్‌రన్లతో రిటైరయ్యాడు. బ్రూవర్స్ చరిత్రలో అది రికార్డు. 2021 సెప్టెంబర్ 26న అతనికి సన్మానం చేసి, లాంఛనంగా మొదటి బంతి విసరమన్నారు. ఆ రోజు ఆటలో న్యూయార్క్ మెట్స్‌ను ఓడించి బ్రూవర్స్ మళ్లీ డివిజన్ గెలిచింది.